పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు, దాని మధ్యకు వచ్చిన సరిహద్దు

నౌపడ జంక్షన్ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా గుణుపూర్ వెళ్లే రైలు ఆంధ్రలో బయల్దేరి ఒడిశాలో ఆగుతుంది. పట్టాలు వేసిన నాటికి ఈ సరిహద్దే లేదు.

మద్రాసు - కలకత్తా ప్రధాన మార్గం నౌపడ మీదుగా పోయింది గానీ 40 కిలోమీటర్ల దూరంలోని పర్లాకిమిడికి రాలేదు. దాంతో రాజా గౌరచంద్ర గజపతి దాదాపు 7 లక్షల రూపాయల ఖర్చుతో రెండున్నర అడుగుల న్యారోగేజ్ లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న రైలు మొదలైంది. (సంస్థానమని వాడుకలో అన్నా, పర్లాకిమిడి హైదరాబాద్ లాంటి స్వదేశీ రాజ్యం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారీ.) చిన్న పట్టాలు చవక. కానీ నౌపడలో ప్రతి బస్తానూ ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాల్సిందే. మొదటి పదేళ్లూ నష్టాలే. 1924-25 తర్వాత లాభాలు పెరగడంతో 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపూర్ దాకా పొడిగించారు.

అప్పటి రాజా కృష్ణచంద్ర గజపతే ప్రత్యేక ఒరిస్సా కోసం ముందుండి పనిచేశారు. 1936 ఏప్రిల్ 1న, అంటే రైలు మొదలైన తేదీనే, పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. పక్కనే ఉన్న పాతపట్నం ఇటే మిగిలింది. ఆ విలీనాన్ని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి పంతులు, దశాబ్దాలు పాఠాలు చెప్పిన ఊరిని వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు.

చిన్న రైలు మాత్రం రెండు రాష్ట్రాల మధ్యా 2004 జూన్ వరకు తిరిగింది. బ్రాడ్‌గేజ్ 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపూర్‌కు చేరింది.