ఎండవేళ పొలములో చర్మ సంరక్షణ

కాడి కట్టబోవు ముందు ఎద్దు మెడపై పుండు పడినదా యని రైతు తడిమి చూచును. ట్రాక్టరు తోలు రైతు రేడియేటరులో నీరున్నదా యని మూత తీసి చూచును. కాని అదే రైతు తన మెడ ఎండకు కమిలి నల్లబడినను, చేతులపై పొక్కులు లేచినను, "పొలము పనిలో ఇది మామూలే" యని ఊరకుండును. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులును" అనుట మనకు తెలిసిన సామెతయే. రోళ్ళు పగులు ఎండలో మనిషి చర్మము మాత్రము ఏమి కాకుండ ఎట్లుండగలదు? కొద్దిపాటి జాగ్రత్తతో, పెద్ద ఖర్చు లేకుండ, ఈ బాధలలో చాలా భాగమును తప్పించుకొనవచ్చును. ఆ సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

చర్మము చేయు పని

చర్మము ఒంటికి పైకప్పు మాత్రమే కాదు. ఒంటి వేడిని బయటకు పంపు సాధనము గూడ అదియే. మన చర్మములో ఇరువది లక్షలకు పైగా చెమట గ్రంథులు కలవు. ఎండలో కష్టించి పని చేయువానికి గంటకు ఒక లీటరు వరకు చెమట పట్టును. ఆ లీటరు చెమట ఒంటిమీదనే ఆవిరియైనచో సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసికొనిపోవును. ఎనిమిది లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగువరకు తెచ్చుటకు ఇంచుమించు అంత వేడి కావలెను. అయితే ఆవిరియైన చెమటయే ఒంటిని చల్లబరచును. కారి నేలపై పడిన చెమట వలన ప్రయోజనము లేదు.

వేడి వేరు, వెలుగు వేరు

ఎండలో రెండు విధములైన బాధలున్నవి. మొదటిది వేడి. ఇది మనకు తెలియును. రెండవది అతినీలలోహిత కిరణములు. ఇవి కంటికి కనబడవు, ఒంటికి తెలియవు. చర్మమును కమిలించునవి, మంగుమచ్చలు పెంచునవి, ముడుతలు తెచ్చునవి ఇవియే. కంటిలో శుక్లములు త్వరగా వచ్చుటకును, తెల్లగుడ్డుపై కండ పెరుగుటకును ఇవి తోడ్పడును. చల్లగాలి వీచుచున్నపుడును, పలుచని మబ్బు పట్టినపుడును వేడి తగ్గినట్లుండును గాని, ఈ కిరణములు అంతగా తగ్గవు.

మన చర్మములోని నల్లని వర్ణద్రవ్యము ప్రకృతి ఇచ్చిన గొడుగు వంటిది. అందుచేతనే తెల్లజాతులవారితో పోల్చిచూచిన మనలో చర్మపు క్యాన్సరు తక్కువ. అయినను ఈ గొడుగు కిరణములను పూర్తిగా ఆపలేదు. బొల్లి మచ్చలున్నవారికి ఆ మచ్చలపై ఈ గొడుగు లేదు. పుట్టుకతోనే ఒళ్ళంతయు తెల్లగా నున్నవారికి అది ఎచ్చటను లేదు. వీరిని నడియెండ పనికి పంపకుండుట మంచిది.

నీడ కొలత

ఏ వేళ ఎండ చర్మమునకు హాని చేయునో తెలిసికొనుటకు గడియారముగాని, యంత్రముగాని అక్కరలేదు. చదునైన నేలపై నిలిచి మీ నీడను చూడుడు. నీడ మీ ఎత్తుకన్న పొడవుగా నున్నచో కిరణములు బలహీనముగా నున్నవని అర్థము. నీడ మీ ఎత్తుకన్న పొట్టిదైనచో కిరణములు తీవ్రముగా నున్నవి. అప్పుడు చర్మమును కప్పుకొనవలెను. వీలైనచో చెట్టు నీడకు చేరవలెను. వేసవిలో సుమారు ఉదయము 9 గంటలు మొదలు సాయంత్రము 3 గంటలు దాటువరకు నీడ పొట్టిగానే యుండును.

ఈ కొలతవలన మరియొక సంగతి తెలియును. హైదరాబాదు ప్రాంతములో సూర్యుడు సరిగా నడినెత్తిపైకి వచ్చునది ఏడాదికి రెండు మారులు: మే నెల మొదటి సగములో ఒకసారి, ఆగస్టు మొదటి వారములో ఒకసారి. కనుక ఆగస్టులో నాట్లు వేయునపుడు, కలుపు తీయునపుడు వాతావరణము చల్లగా నున్నను, మబ్బు విడిపోయిన వెంటనే కిరణములు మే నెలకు దీటుగా నుండగలవు. చర్మ రక్షణ వేసవికి మాత్రమే యనుకొనుట పొరపాటు.

విప్పుట కాదు, కప్పుకొనుట

ఎండ మండుచున్నపుడు చొక్కా విప్పి పని చేయుట చాలామందికి అలవాటు. ఇది చల్లదనమిచ్చునని తలంతురు. కాని చర్మపు వేడి సుమారు 35 డిగ్రీలుండును. బయటి గాలి 42 డిగ్రీలున్నపుడు, ఆ వడగాలి ఒట్టి ఒంటికి తగిలి వేడిని చేర్చునే కాని తీసికొనిపోదు. పైగా ఎండ నేరుగా చర్మముపై పడును. వదులైన నూలు బట్ట ఎండను ఆపును, చెమటను పీల్చి నెమ్మదిగా ఆవిరి చేయును. ఎడారి దేశములవారు ఒళ్ళంతయు కప్పుకొని తిరుగుట ఇందుకే.

బట్టను ఎంచుకొనునపుడు దానిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడుడు. నేత సందులలో నుండి వెలుతురు బాగుగా కనబడినచో ఎండయు అట్లే దూరును. నేత దగ్గరగా నుండి, వదులుగా కుట్టిన పొడుగుచేతుల చొక్కా శ్రేష్ఠము. చెమటతో తడిసి ఒంటికి అంటుకొనిన పలుచని తెల్లబట్ట కిరణములను అంతగా ఆపజాలదు. కనుక రెండవ చొక్కా దగ్గర నుంచుకొని మధ్యాహ్నము మార్చుకొనవలెను.

ఈ విషయములో మన స్త్రీలు ముందున్నారనుట న్యాయము. మిరపకోతలోను, ప్రత్తి తీతలోను చీరపై మగవారి పాత పొడుగుచేతుల చొక్కా తొడుగుకొని, తలకు గుడ్డ చుట్టుకొని పని చేయు కూలి స్త్రీలను మన గ్రామములలో చూచుచునే యున్నాము. ఆ ఉపాయమును మగవారును అనుసరించవలసియున్నది.

తలపాగా మాడును కాపాడును గాని ముక్కు, చెవులు, మెడ వెనుక భాగము ఎండకే వదలివేయును. తువ్వాలు చుట్టునపుడు ఒక కొస చెవులను, మెడను కప్పునట్లు వెనుకకు జారవిడువుడు. చుట్టును మూడంగుళములకు తక్కువ కాని అంచుగల టోపీ ఇంకను మేలు. తాటాకుతో అల్లిన గొడుగును తలకు తగిలించుకొని నాట్లు వేయు పాత అలవాటు ఎండకును వానకును పనికివచ్చును.

పై పూతలు

బజారులో దొరకు ఎండ లేపనములు బట్టతో కప్పలేని ముఖము, చెవులు, ముంచేతులకు మాత్రమే చాలును. డబ్బాపై ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన అంకె యుండవలెను. పొలమునకు పోవుటకు ముందే దళసరిగా రాచి, రెండు గంటలకొకసారి ముఖము తుడుచుకొని మరల రాయవలెను. చెమటకు అది కొట్టుకొనిపోవును. వీనిలో కొన్నిటియందు జింక్ ఆక్సైడ్ కలదు. పొలములో చల్లు జింక్ సల్ఫేటు వేరు. దానిని ఒంటికి తగులనీయరాదు.

నీరు, చెమటపొక్కులు

దప్పిక అయ్యేవరకు ఆగక, ప్రతి 15–20 నిమిషములకు ఒక గ్లాసు నీరు త్రాగవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. విపరీతముగా చెమట పోసి నీరసించినపుడు లీటరు నీటిలో ఆరు చెంచాలు పంచదార, అరచెంచా ఉప్పు, తలకొట్టు కొలతతో కలిపి త్రాగవలెను. రక్తపు పోటుకుగాని, మూత్రపిండముల జబ్బుకుగాని మందు వాడువారు ఉప్పు విషయము వైద్యుని అడుగవలెను.

చెమట గ్రంథుల నోళ్ళు మూసికొనిపోయినపుడు చెమటపొక్కులు లేచును. చన్నీటి స్నానము, వదులు బట్ట, గాలి తగులు చోట విశ్రాంతి, ఇవే వీనికి మందు. పొక్కులపై చిక్కని నూనెలు పూయుట, పౌడరు దట్టించుట మంచిది కాదు. గజ్జలలో, చంకలలో గుండ్రముగా లేచి దురద పెట్టు తామరను చెమటపొక్కు లనుకొనరాదు. దానికి అంగడిలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ లేపనము రాసినచో మూడునాళ్ళు తగ్గినట్లుండి, తరువాత విస్తరించి మొండి జబ్బగును. ఇంటిల్లిపాదికిని అంటుకొనును.

ఎండదెబ్బవలె కనబడు ఇతర బాధలు

ఎండ తగిలిన చోటనే వచ్చిన ప్రతి మచ్చయు ఎండవలన వచ్చినది కాదు. రైతులు ముఖ్యముగా మూడు సంగతులు గుర్తించవలెను.

(1) వయ్యారిభామ. దీనినే కాంగ్రెసు గడ్డి యందురు. 1950ల దశకములో పూణే వద్ద గుర్తించబడిన ఈ కలుపు నేడు దేశమంతట వ్యాపించినది. దీని పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి చర్మముపై పడి, సరిపడనివారికి దురద, పగుళ్ళు, మందపాటి మచ్చలు కలిగించును. దీనిని ఎండదెబ్బనుండి వేరుచేయుటకు ఒక గుర్తు కలదు. ఎండ సోకని గడ్డము క్రింద, చెవుల వెనుక, కనురెప్పలపై, మోచేతి మడతలలో గూడ దద్దు ఉన్నచో వయ్యారిభామను అనుమానించవలెను. పూత రాకముందే, చేతి తొడుగులు, పొడుగుచేతుల చొక్కా ధరించి, నేల తడిగా నున్నపుడు వేళ్ళతో పెరికివేయవలెను. ఒకసారి దద్దు వచ్చినవారు ఆ పనికి పోరాదు.

(2) నిమ్మ మొదలగునవి. నిమ్మరసము, నిమ్మతొక్కలోని నూనె చేతికి అంటియుండగా ఎండలోనికి పోయినచో ఒకటి రెండు దినములలో కాలినట్లు బొబ్బలు లేచి, పిదప నల్లని చారలు మిగులును. గూడూరు ప్రాంతమువంటి నిమ్మతోటల సీమలలో కోత కోయువారు, కాయలు గ్రేడు చేయువారు ఎండలోనికి వచ్చుటకు ముందే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అంజూరు పాలు, బొల్లికి వాడు బావంచాల నూనె గూడ ఇట్లే చేయును. డాక్సీసైక్లిన్ మొదలగు కొన్ని మందులు మ్రింగువారికిని ఎండ త్వరగా కమిలించును.

(3) తిండి లోపము. ముంచేతులపై, పాదములపై రెండు వైపుల సమముగాను, మెడచుట్టు కంటె పెట్టినట్లుగాను చర్మము నల్లబడి పొరలు లేచినచో, దానితో విరేచనములు, మతిమరపు గూడ ఉన్నచో, అది పెల్లాగ్రా కావచ్చును. నయాసిన్ అను విటమిను చాలకపోవుటచే వచ్చు ఈ జబ్బు ఎండ తగిలినచోట బయటపడును. ఒకప్పుడు తెలంగాణలో జొన్నయే ముఖ్యాహారమై, పప్పు పాలు కొరవడిన బీదలలో ఇది కనబడెడిది. జొన్నలో ల్యూసిన్ అధికముగా నుండుట దీనికి కారణమని 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన డా. సి. గోపాలన్, డా. ఎస్. జి. శ్రీకాంతియా సూచించిరి. ఆ పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. నేడు ఈ జబ్బు అరుదు; అయినను తిండి మాని త్రాగుడుకు లోబడినవారిలో కనబడుచున్నది. ఇందువలన జొన్నను దూషింప పనిలేదు. జొన్నరొట్టెతో పప్పు, పాలు, గ్రుడ్డు, గుప్పెడు వేరుసెనగ పప్పులు తిన్నచో ఈ భయముండదు. దీనిని పై పూతలతో నయము చేయలేము.

పురుగుమందు, ఎండ

వేడెక్కి చెమటతో తడిసిన చర్మము పురుగుమందును త్వరగా లోనికి పీల్చుకొనును. చర్మమంతయు ఒకే తీరుగా పీల్చదు. ముంజేయి పీల్చుదానికి నుదురు సుమారు నాలుగు రెట్లు, గజ్జల ప్రాంతము సుమారు పది రెట్లకు పైగా పీల్చును. కనుక మందు చేతులతో నుదుటి చెమట తుడుచుకొనుట, కారుచున్న స్ప్రేయరును వీపున మోయుట ప్రాణాపాయము. చెమట పోయునని చొక్కా విప్పి మందు కొట్టుట అంతకన్న ప్రమాదము. ఉదయముననో, సాయంత్రముననో, గాలి తక్కువగా నున్నపుడు నిండుబట్టలతో, తొడుగులతో మందు చల్లవలెను. మందు ఒంటిపై పడినచో వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో, ధారాళమైన నీటితో కడుగవలెను.

కమిలినపుడు చేయవలసినది

నీడకు చేరి చల్లని నీటితో తడిపిన గుడ్డను కమిలిన చోట వేయవలెను. మంచుగడ్డ, సిరా, పేస్టు పెట్టరాదు. బొబ్బలను చిదుమరాదు. బొబ్బలు విస్తారముగా లేచినను, జ్వరము వచ్చినను వైద్యునికి చూపవలెను. పెదవిపైగాని, మాడుపైగాని, పాత కాలిన మచ్చపైగాని పుండు పడి నెలనాళ్ళకు మానకున్నచో ఆలస్యము చేయరాదు.

ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడి, తెలివి తప్పుచున్నచో అది వడదెబ్బ. చెమట పట్టుచునే యున్నను వడదెబ్బ కాదని తలంపరాదు. 108కి కబురు చేసి, బండి వచ్చువరకు ఊరకుండక, నీడలో పరుండబెట్టి ఒళ్ళంతయు తడిపి విసరవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు.

గ్రామోద్యోగులకు మనవి

కూలివాడు తన పనివేళను తానే నిర్ణయించుకొనలేడు. పది గంటలకు పనికి పిలిచి నాలుగు గంటలకు వదలిన యజమాని వద్ద అతనికి పై సలహాలన్నియు వట్టి మాటలే. కనుక ఎండకాలములో పని తెల్లవారుజామున మొదలుపెట్టి, నడియెండలో ఆపి, చల్లబడిన పిదప మరల సాగించు ఏర్పాటును రైతులును గ్రామోద్యోగులును కలసి చేయవలెను. పని జరుగుచోట త్రాగునీరు, నీడ ఏర్పాటు చేయవలెనని 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము నిర్దేశించినది. ఏ పథకము క్రింద పని జరిగినను, సొంత పొలములో జరిగినను ఆ నియమమును పాటించుట మన విధి. ఒక కుండెడు నీరు, నాలుగు గుంజలపై తాటాకు పందిరి, కూలికొక తువ్వాలు, వీని ఖర్చు ఒక దినపు కూలికి మించదు.

రైతు సోదరులారా! నీడ పొట్టిదైనపుడు ఒంటిని కప్పుకొనుడు. మీకు చేసికొనిన ఆ జాగ్రత్తనే మీ పొలములోని కూలివారికిని చేయుడు.