కాగ్నా నీరు - నాపరాతి బురద

అనంతగిరి గుట్టలపై కురిసిన వాన రెండు దారుల పోవును. తూర్పునకు పోయినది మూసీయై హైదరాబాదు చేరును. పడమటికి పోయినది కాగ్నాలో కలిసి, తాండూరు ప్రక్కగా కర్ణాటకకు సాగి భీమానదిలో పడును.

మూసీ వైపు కథ చాలమంది యెరిగినదే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టు 10 కిలోమీటర్ల లోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించుచు 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువు చేసెను. మరుసటి యేడే ఒక నూనె కర్మాగారమునకు ప్రభుత్వమే మినహాయింపు నిచ్చెను. 2000లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. నీరు పట్టణము త్రాగెను. ఆంక్షలను 84 గ్రామములు మోసెను. ఆ రైతుల ఫిర్యాదులో న్యాయము లేకపోలేదు. 2022లో ప్రభుత్వము ఆ ఆంక్షలను సడలించినది. ఒకరి మేలుకై మరియొకరు భరింపవలసిన కట్టడి చిరకాలము నిలుచుట కష్టము.

కాగ్నా వైపు అట్లు కాదు. ఇచ్చట నష్టపడువారు, నష్టము చేయువారు, ఇరువురును ఇరుగుపొరుగువారే.

తాండూరు నాపరాళ్ళను కోసి నునుపు చేయునపుడు యంత్రముపై ఎడతెగక నీరు పోయవలెను. ఆ నీరు సున్నపురాతి పిండితో కలిసి, పాలవలె తెల్లని బురదయై వెలువడును. రాతిపొడియే గదా, విషమా యని కొందరందురు. విషము కాకున్నను నష్టము కలదు. పొలములో ఆరినపుడు అది పెచ్చు కట్టి, వాననీటిని లోనికి ఇంకనీయదు. కంది మొలకను పైకి రానీయదు. మన నల్లరేగడిలో సున్నము మొదలే హెచ్చు. ఇంకను చేరినచో వేసిన సూపర్ ఫాస్ఫేటు పైరునకు సరిగా అందదు, ఇనుపధాతువు చాలక ఆకులు పాలిపోవును. వాగు అడుగున పేరుకొన్నచో ఊట తగ్గి బావులు చిక్కిపోవును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి ఇది తగని పొరుగు.

మందు కష్టమైనది కాదు. యంత్రము ప్రక్కన వరుసగా రెండు మూడు తొట్లు కట్టి నీటిని నిలువనిచ్చినచో పిండి అడుగునకు దిగును, తేటనీరు మరల కోతకు వచ్చును. నీరు కొనువారికి ఇది లాభమే. ఒక్కొక్కరు విడిగా కట్టలేనిచోట నలుగురు కలిసి కట్టుకొనవచ్చును. అడుగు బురదను ఎచ్చట పోయవలెనో స్థలము చూపుట మాత్రము అధికారుల పని. స్థలము చూపక జరిమానా వేసినచో ఆ బురద రాత్రివేళ వాగులోనికే పోవును.

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ప్రకారము కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేనిదే వ్యర్థజలమును వాగులోనికి వదలరాదు. గ్రామస్థులు తామే సీసాలో పట్టి పంపిన నీరు కోర్టులో సాక్ష్యముగా చెల్లదు. మండలి అధికారి యజమానికి నోటీసు నిచ్చి, నమూనాను రెండు భాగములు చేసి, ముద్ర వేసి పంపవలెను. కనుక రైతులు బురద పడిన తేదీ, సర్వే నంబరు, ఏ కాలువ గుండా వచ్చెనో వ్రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, నకలు మండలికి పంపవలెను. పురుగుమందు డబ్బాలను వాగులో కడుగు అలవాటును తాము కూడ మానినచో ఆ అర్జీకి బలము హెచ్చును.

గట్లపై ఇదివరకే పోసియున్న కుప్పలను మృగశిర కార్తెకు ముందే ఎత్తించవలెను. తొలకరి పడిన పిదప అవి వాగులో ఉండును.