హీరో గోల్ కొట్టని క్లైమాక్స్!

సినిమా పత్రికలో ఈ ఫుట్‌బాల్ గోలేమిటని విసుక్కోకండి. ఇందులో హీరో ఉన్నాడు, డైరెక్టరున్నాడు, ఫస్టాఫ్‌లో ఏడిపించి సెకండాఫ్‌లో గెంతులేయించిన కథ ఉంది. ఇంటర్వెల్లో సమోసాలు నములుతూ పోట్లాడుకునే అభిమానులం మేమూ ఉన్నాం. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? కాకపోతే ఈ బొమ్మ మన ఊళ్ళో ఆడలేదు. కరోనా మూలంగా 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. లీగ్ మ్యాచ్‌లకు ప్రేక్షకులు కూడా లేరు. అంచేత హైదరాబాద్ ఎఫ్‌.సి. ఆటను హైదరాబాద్ వాళ్ళమైన మేం సికింద్రాబాద్ చిలకలగూడలో, మా బావ మేడమీది గదిలో, టీవీ ముందు కూర్చుని చూశాం.

చూశాం అనడం కూడా తప్పే. పోట్లాడుకున్నాం!

ముందు తారాగణం చెప్పేస్తాను. మా బావ బ్యాంకులో క్లర్కు. అంకెలు తప్ప ఏదీ నమ్మడు. కింది వాటాలో అద్దెకుండే మలయాళీ తమ్ముడు కేరళ బ్లాస్టర్స్ భక్తుడు. పసుపు చొక్కా వేసుకుని మా గదిలోకే వచ్చి మా ఓటమి కోసం దేవుడికి మొక్కుకునేంత ధైర్యం వాడిది. మూలన మడత కుర్చీలో మా తాతయ్య. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్ళ వయసులో ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీసు టీమ్ ఆట చూసిన మనిషి. ఇహ మిగిలింది నేను. నా పాత్ర గురించి మీకే తెలుస్తుంది.

37 ఏళ్ళ హీరో

మొదటి సీజన్ 2019-20లో మన టీమ్ సంగతి చెప్పుకుంటే పరువు తక్కువ. పద్దెనిమిది మ్యాచ్‌లాడితే గెలిచింది రెండు. పది పాయింట్లతో అట్టడుగున పడింది. ఆ రెండు గెలుపుల్లో ఒకటి గచ్చిబౌలిలో, 2019 నవంబరు 2న కేరళ మీద. మొదటి గోల్ కొట్టింది కేరళ కుర్రాడు రాహుల్ కె.పి. అయినా చివరికి 2-1తో మనం గెలిచాం. ఆ రోజు నేనూ బావా గ్యాలరీలో ఉన్నాం. ఈ రాహుల్ పేరు గుర్తుంచుకోండి, క్లైమాక్స్‌లో మళ్ళీ వస్తాడు.

మరుసటేడు స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. కుర్రాళ్ళను నమ్మి ఆడించాడు. వరసగా పన్నెండు మ్యాచ్‌లు ఓడకుండా లాక్కొచ్చి కూడా ఐదో స్థానంలో ఆగిపోయాం. సెమీఫైనల్‌కు నలుగురికే చోటు. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీదికి వచ్చినట్టయింది మా పని.

ఆ తర్వాత 2021-22 సీజన్‌కి ముంబై నుంచి బార్తొలొమ్యూ ఓగ్‌బెచెను తెచ్చారు. నైజీరియా మనిషి. కుర్రవాడిగా పారిస్‌లో పెద్ద క్లబ్బుకి ఆడినవాడు. అప్పటికి అతనికి 37 ఏళ్ళు. మా గదిలో మొదటి తగాదా ఇక్కడే పుట్టింది.

"మన సినిమాల్లో అయితే అరవై ఏళ్ళ హీరో పుస్తకాలు పట్టుకుని కాలేజీకి వెళ్ళొచ్చు. ఫుట్‌బాల్లో డూపుండడు బావా! పరిగెత్తాల్సింది అతనే," అన్నాను నేను.

"పరిగెత్తే వాళ్ళు పక్కన బోలెడుమంది ఉన్నారు. అతను గోల్ కొడితే చాలు," అన్నాడు బావ.

మొదటి మ్యాచ్‌లో చెన్నై చేతిలో 0-1తో ఓడిపోయాం. నేను విజయగర్వంతో బావ వంక చూశాను. సొంత టీమ్ ఓడిపోతే విజయగర్వమేమిటని అడక్కండి. వాదనలో గెలవడమనేది అంత పాడు అలవాటు.

ఆ తర్వాత ఎనిమిది మ్యాచ్‌లు ఓటమి లేదు! ముంబై మీద 3-1, నార్త్ ఈస్ట్ మీద 5-1, ఒడిశా మీద 6-1. ఓగ్‌బెచె పరుగు తక్కువే. కానీ బంతి రాబోయే చోటికి ముందే వెళ్ళి నుంచునేవాడు. పెద్ద నటుడు కెమెరా ఎక్కడుందో చూడకుండానే వెలుతురులోకి వచ్చి నిలబడతాడే, అచ్చం అలా! నేను నోరు మూసుకున్నాను.

డైరెక్టర్ ఎత్తు

మనోలో ఎత్తు ఏమిటో తెలియకపోతే మా గొడవ మీకర్థం కాదు. వెనక నలుగురు, వాళ్ళ ముందు ఇద్దరు కాపలాదారులు, ఆ పైన ముగ్గురు, అందరికన్నా ముందు ఒక్కడు. 4-2-3-1 అంటారు దీన్ని. ఆ ఒక్కడే ఓగ్‌బెచె. అసలు కిటుకు వెనకవాళ్ళలో ఉంది. ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా, కుడి పక్క ఆశీష్ రాయ్ డిఫెండర్లే అయినా గీత వెంబడి రయ్యిన ముందుకెళ్ళి బంతులందిస్తారు. బంతి పోతే వెంటనే మీదపడి లాక్కోవడం, లేదా వెనక్కి పరుగు. కుర్రకాళ్ళుంటే తప్ప కుదరని ఆట.

"వాళ్ళిద్దరూ పైకెళ్తే వెనక తలుపు బార్లా తెరిచినట్టే గదా?" అనేవాడు మలయాళీ తమ్ముడు. వాడన్నట్టే అయింది కూడా. జనవరి 9న కేరళ మమ్మల్ని 1-0తో ఓడించింది. ఆ రాత్రి వాడు మెట్లు దిగుతూ ఈల వేసిన సంగతి నేనిప్పటికీ మరిచిపోలేదు. దానికి ముందు మ్యాచ్ మోహన్ బగాన్‌తో 2-2, తర్వాతిది చెన్నైతో 1-1. మూడు మ్యాచ్‌ల్లో గెలుపు లేదు.

"మనోలో పనైపోయింది. ఎత్తు అందరికీ తెలిసిపోయింది. మార్చాలి," అని తీర్పు చెప్పేశాను నేను.

అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న తాతయ్య కళ్ళు తెరిచారు.

"ఒరే, రెండు ఆటలు ఖాళీగా పోతే సినిమా తీసేస్తారట్రా? రహీం సాబ్ ఆడించిన ఆట నువ్వు చూళ్ళేదు. ఎత్తు మార్చడం గొప్ప కాదు. ఆ ఎత్తుకి సరిపోయే మనిషిని వెతకడం గొప్ప."

రహీం సాబ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ పోలీసు టీమ్ ఆయన చేతి మీద తయారైందే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినా, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చినా, వెనక ఉన్న బుర్ర ఆయనదే. 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపిన 4-2-4 పద్ధతిని ఆయన అంతకుముందే మనవాళ్ళ చేత ఆడించారని ఫుట్‌బాల్ వాళ్ళు చెప్పుకుంటారు. అజయ్ దేవగణ్ వేసిన 'మైదాన్' చూశారుగా? 2024లో వచ్చిన ఆ హిందీ సినిమా ఈయన కథే. మా తాతయ్యకి మాత్రం ఆ కథ చెప్పడానికి తెర అవసరం లేదు.

తాతయ్య మాట పొల్లుపోలేదు. జనవరి 24న ఈస్ట్ బెంగాల్ మీద 4-0, అందులో ఓగ్‌బెచెవి మూడు! మూడు రోజులకి ఒడిశా మీద 3-2, నెలాఖరున నార్త్ ఈస్ట్ మీద 5-0. ఫిబ్రవరి 23న కేరళని 2-1తో కొట్టి బాకీ తీర్చుకున్నాం. ఆ రాత్రి మెట్ల మీద ఈల వేసింది నేను.

బ్యాంకు లెక్క

లీగ్ ముగిసేసరికి ఇరవై మ్యాచ్‌లు, పదకొండు గెలుపులు, 38 పాయింట్లు. 43 పాయింట్లతో జంషెడ్‌పూర్ మొదటి స్థానం, మనది రెండో స్థానం. మనం కొట్టినవి 43 గోల్స్, వాటిలో ఓగ్‌బెచెవి 17. సీజన్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ అతనివే.

బావ కాగితం మీద లెక్కవేసి నా ముందు పెట్టాడు. "ఓడినవి నాలుగు. ఆ నాలుగింట్లో మూడింట మనకి అసలు గోలే లేదు. మార్చి 1న జంషెడ్‌పూర్ మీద 0-3 చూశావుగా! ఇది సింగిల్ హీరో బొమ్మ. హీరో డల్లయితే బొమ్మ ఫ్లాపు. రాసి పెట్టుకో, ఓగ్‌బెచె గోల్ కొట్టకపోతే కప్పు రాదు."

"ఆ హీరోకి బంతులందించే వాళ్ళెవరు? యాసిర్ లేడా? కెప్టెన్ జోవావో విక్టర్ లేడా? వెనక చింగ్లెన్‌సానా లేడా? ఇది మల్టీస్టారర్ బావా!"

పందెం బిర్యానీ. ఓగ్‌బెచె గోల్ లేకుండా కప్పు వస్తే నలుగురికీ బావ పెట్టాలి. అతను గోల్ కొట్టి కప్పు తెస్తే నేను పెట్టాలి. సెమీఫైనల్ మొదటి ఆటలో మోహన్ బగాన్ ముందుగా గోల్ కొడితే, దాన్ని సమం చేసింది ఓగ్‌బెచెయే. ఆ ఆట 3-1తో నెగ్గాం. రెండోది 0-1తో ఓడినా మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరాం. బావ మీసం మెలేశాడు.

ఫైనల్లో ఎదురుపడింది ఎవరనుకున్నారు? కేరళ!

మార్చి 20

ఫైనల్‌కు మాత్రం ప్రేక్షకుల్ని రానిచ్చారు. మా మలయాళీ తమ్ముడు రెండు రోజుల ముందే గోవా చెక్కేశాడు. నాకు సెలవు దొరకలేదు. ఫతోర్దా స్టేడియం కేరళ అభిమానులతో కిటకిటలాడుతోంది. వాళ్ళ కేకల్లో మన వాళ్ళ గొంతు వినబడటమే లేదు. చెప్పొద్దూ, ఆ రోజు టీవీ ముందు కూర్చోవడం సిగ్గనిపించింది నాకు. సీజనంతా నోటితో ఆడినవాణ్ణి, కావలసిన రోజున లేను.

68వ నిమిషం. గోల్! కొట్టింది ఎవరు? గచ్చిబౌలి రాహులే! వెంటనే గోవా నుంచి ఫోను. మాట లేదు, కేకలే. బావ ఫోను తలగడ కింద దూర్చేశాడు.

నిమిషాలు కరిగిపోతున్నాయి. ఓగ్‌బెచెకి బంతి అందడమే గగనమైంది. 80... 85... బావ తన లెక్కల కాగితాన్ని నలిపేస్తున్నాడు. పందెంలో గెలవబోతున్నవాడి మొహం అలా ఉంటుందని నేననుకోలేదు.

88వ నిమిషం. కేరళ వాళ్ళు బయటికి తన్నిన బంతి బాక్స్ అవతల గాల్లోంచి దిగుతోంది. అక్కడున్నది సాహిల్ తవోరా. ఆట మధ్యలో లోపలికొచ్చిన గోవా కుర్రాడు. బంతి నేలని తాకకముందే కాలితో ఒక్కటిచ్చాడు. వల ఊగింది! బావ నన్నెత్తుకుని గిరగిరా తిప్పాడు. తాతయ్య మడత కుర్చీ నిజంగానే మడతపడింది!

అదనపు సమయంలోనూ 1-1. పెనాల్టీలొచ్చాయి. గోల్‌పోస్టులో లక్ష్మీకాంత్ కట్టిమణి. ఒక్క మాట ఒప్పుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా మేం ఎన్ని వందల గంటలు వాదించుకున్నామో, అందులో ఈ మనిషి పేరు ఎవరమూ ఎత్తలేదు.

లెస్కోవిచ్ కొట్టాడు, కట్టిమణి ఆపాడు. నిషూ కుమార్ కొట్టాడు, ఆపాడు. కీపర్ గీత దాటి కదిలాడని మళ్ళీ కొట్టమన్నారు. మళ్ళీ ఆపాడు! మన సివేరియో గురి తప్పాడు, గుండె జారింది. జీక్సన్ కొట్టినదీ కట్టిమణి ఆపేశాడు. చివరికి అస్సాం కుర్రాడు హలిచరణ్ నర్జారీ కొట్టిన బంతి లోపలికి! 3-1. కప్పు మనది!

గోల్ కొట్టి నిలబెట్టింది మధ్యలో వచ్చినవాడు. ఆదుకున్నది మేం తలచుకోనివాడు. హీరో మాత్రం పక్కన చప్పట్లు కొట్టాడు. బావ పందెం ఓడిపోయాడు. బిర్యానీ పెడుతూ అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు. మూడో రోజు గోవా నుంచి దిగిన తమ్ముడు కూడా వచ్చి, మాటా పలుకూ లేకుండా రెండు ప్లేట్లు లాగించాడు.

శుభం కార్డు పడలేదు

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. 2022-23లో మళ్ళీ రెండో స్థానమే. సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద ఓటమి. ఆ తర్వాత మనోలో గోవా టీమ్‌కు వెళ్ళిపోయాడు. 2023-24లో డబ్బు ఇబ్బందులు, బకాయిల గొడవలు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే ఇల్లు ఖాళీ చేసినట్టు వెళ్ళిపోయారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, ఆఖరి స్థానం. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడాలని ఏళ్ళ తరబడి వాదించుకున్నాం గానీ, టీమ్ మన ఊళ్ళో నిలబడుతుందా అని మాత్రం ఒక్క రోజూ వాదించుకోలేదు. ఖాళీ స్టేడియంలో ఆడినన్నాళ్ళూ సరే, తలుపులు తెరిచాక గచ్చిబౌలికి నేనెన్నిసార్లు వెళ్ళాను? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బావ లెక్కల కాగితంలో ఆ అంకె లేదు.

మొన్న ఆదివారం మళ్ళీ మేడమీది గదిలో కలిశాం. టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది, ఎవరూ చూడటం లేదు. బావ ఉన్నట్టుండి అన్నాడు:

"ఆ రోజు ఫైనల్లో తవోరాని మొదటి నుంచీ ఆడించుంటే పెనాల్టీల దాకా వెళ్ళేదే కాదురా!"

నేను జవాబు వెతుక్కునే లోపలే మూలనుంచి తాతయ్య అందుకున్నారు.

"మొదటి నుంచీ ఆడుంటే 88వ నిమిషానికి వాడికి కాలు లేచేదట్రా?"

ఇహ చూస్కోండి, రాత్రి పదకొండింటి దాకా మళ్ళీ మొదలు!