వాసన యెరుగని యువకుడు



కొన్నియేండ్ల క్రిందట ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వైద్యమునకై వచ్చెను. పిల్లవానికి 22 ఏండ్లు. మనిషి పొడగరియే గాని మీసకట్టు రాలేదు, గొంతు మారలేదు. ఊరివారి యెగతాళికి వెరచి నలుగురిలోనికి వచ్చుట మానివేసెను. "ఏ జన్మ పాపమో, బాబూ" అని తండ్రి కన్నీరు పెట్టుకొనెను. నేను పిల్లవానినే యడిగితిని: "నాయనా, మల్లెపూల వాసన నీకు తెలియునా?" అతడు తలవంచుకొని, "పుట్టినది మొదలు ఏ వాసనయు నెరుగనండి" అనెను.

మీసమునకును వాసనకును సంబంధమేమని మీరడుగవచ్చును. అదియే నేటి ప్రసంగ విషయము.

మన శరీరము లెక్కకు మిక్కిలియైన కణములతో నేర్పడినది. ఆ కణములలో తలిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులు కలవు. పిండదశలో ఏ కణము నాడీకణము కావలయునో, ఏది హార్మోనును స్రవింపవలయునో, ఏది యెచ్చటికి పోయి నిలువవలయునో నడపునవి యివియే. ఈ రెండు పనులను తానే చేయు కణములును కలవు. మెదడు అడుగుభాగమున నుండు కొలది నాడీకణములు ఒక హార్మోనును విడుచును. అది మెదడు క్రింద శనగగింజ యంత యున్న పీయూషగ్రంథిని మేలుకొలుపును. ఆ గ్రంథి పంపు హార్మోనులచే పురుషులలో వృషణములు, స్త్రీలలో అండాశయములు పనికి పూనుకొనును. యౌవనము వచ్చుట యిట్లు.

వింత యేమనగా, ఈ నాడీకణములు పుట్టునది మెదడులో గాదు, ముక్కులో! ఎలుక పిండములను పరిశీలించి 1989లో శాస్త్రజ్ఞులు దీనిని వెల్లడించిరి. వాసనను మోయు నాడీతంతువులు ముక్కు నుండి మెదడు దెసకు ప్రాకును. ఈ కణములు, కాలువగట్టు పట్టుకొని పోవు బాటసారులవలె, వాని వెంట మెదడును చేరును. ఆ బాట యేర్పడుటకు తోడ్పడు జన్యువులలో నొకటి ఎక్స్ క్రోమోజోముపై నున్నదని 1991లో తెలిసినది. అది చెడినచో తంతువులు మెదడును చేరవు. వానిని నమ్ముకొన్న కణములును నడిదారిలో నిలిచిపోవును. వాసన తెలియదు, యౌవనమును రాదు. 1944లో దీనిని కొన్ని కుటుంబములలో పరిశీలించి వర్ణించిన కాల్మన్ గారి పేర దీనిని కాల్మన్ వ్యాధి యందురు. ఇతర జన్యువుల లోపముచేతను ఇది కలుగవచ్చును. స్త్రీలకును వచ్చును గాని పురుషులలోనే హెచ్చు.

ఎక్స్ క్రోమోజోముపై లోపమున్న తల్లికి సాధారణముగా ఏ బాధయు నుండదు. అయినను కుమారునకు సంక్రమింపవచ్చును. ఇందు తల్లి దోషము లేదు. పూర్వజన్మ పాపమునకును దీనికిని ముడిపెట్టవలదు.

పరీక్షలలో నా యనుమానము నిజమయ్యెను. హార్మోను సూదిమందులు మొదలిడితిని. ఏడాది తిరుగునప్పటికి మీసము మొలచెను, గొంతు మారెను. వాసన మాత్రము రాలేదు. దానికి మందు లేదు. సంతానము కోరువారు వేరు సూదిమందులు నెలల తరబడి వాడవలయును, అనేకులకు ఫలించును. చికిత్సయే లేనిచో ఎముకలును బలహీనపడును.

కావున పెద్దలకు నా విన్నపము. బాలునకు 14 ఏండ్లు, బాలికకు 13 ఏండ్లు నిండినను యౌవన లక్షణములు పొడసూపనిచో వైద్యునకు చూపింపుడు. అందరికిని ఇదే వ్యాధి యని కాదు. ఆలస్యముగా నెదుగు పిల్లలే పెక్కుమంది. కాని పెండ్లితో సర్దుకొనునని దాచిపెట్టి ముడివేయుట ఇరువురకును అన్యాయము. ఎగతాళి చేయువారిని వారించుడు. వాసన తెలియునా యని ఒక్కమాట యడుగుడు.