వంటింటి క్యాలెండర్లో ఎర్ర చుక్క

మా వంటింటి గోడకి ఓ క్యాలెండరుంది. పాలు నాగా అయిన రోజులు, గ్యాసు బండ మార్చిన తేదీ, చీటీ డబ్బు కట్టిన రోజు, ఏకాదశులు, పెళ్లి ముహూర్తాలు అన్నీ దానిమీదే రాస్తాను. ఆ మధ్య డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే "ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగింది. "అదేనండీ... మా ఆడపడుచు వాళ్లొచ్చి వెళ్లిన వారం" అన్నాను. ఆవిడ నవ్వేసింది. ఇంటికొచ్చి క్యాలెండరు చూస్తే పాలవాడి లెక్క తారీకులతో సహా ఉంది. నా ఒంటి లెక్క ఒక్క నెలది కూడా లేదు!

మీ ఇంట్లోనూ ఇంతేనా?

ఇంట్లో ఎవరికి ఏ కూర పడదో, ఎవరికి ఏ మాత్ర ఎన్నింటికివ్వాలో తెలిసిన మనిషి ఇల్లాలే. ఈ రోజుల్లో ఫీజు తీసుకుని సలహాలిచ్చే "హెల్త్ కోచ్"లు వచ్చారు గానీ, ఫీజు లేకుండా ఆ పని మనం ఏనాటి నుంచో చేస్తున్నాం. అయితే కూతురికో, పక్కింటి వదినకో చెప్పేముందు మనకి సరిగ్గా తెలిసుండాలి కదా! ఆ సంగతి నాకు మా అత్తగారి వల్ల బోధపడింది.

నాలుగు నెలలు దాచిన మాట

మా అత్తగారికి నలభై ఎనిమిదో ఏట ముట్లుడిగిపోయాయి. తర్వాత పన్నెండేళ్లకి, ఓ రోజు రెండు చుక్కలు కనిపించాయట. "వేడి చేసిందేమోలే" అనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నారు. మళ్లీ కనిపించింది. మళ్లీ ఊరుకున్నారు. అలా నాలుగు నెలలు! చివరికి బట్టలు నానబెడుతుంటే నా కంటపడింది. అడిగితే, "ఈ వయసులో ఇదేం సిగ్గుచేటే, ఎవరితో చెప్పుకోను?" అన్నారు.

స్కానింగు చేశారు. లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సరని తేలింది. అదృష్టవశాత్తూ మొదటి దశలోనే ఉంది. ఆపరేషనైంది. ఈ రోజు ఆవిడ తులసికోట దగ్గర ముగ్గు వేస్తున్నారు. ఇంకో ఏడాది దాచి ఉంటే? ఆ ఆలోచన వస్తే నాకిప్పటికీ చేతులు చల్లబడతాయి.

అసలు హార్మోన్లంటే?

1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఈ పేరు వాడుకలోకి తెచ్చాడు. "కదిలించేది" అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి పుట్టింది. ఒక గ్రంథిలో తయారై, రక్తంలో ప్రయాణించి, ఇంకెక్కడో ఉన్న అవయవాన్ని "ఇక పని మొదలుపెట్టు" అని కదిలిస్తుంది గనక ఆ పేరు. ఆడవాళ్ల నెలసరి వెనక మెదడు, అండాశయాలు, థైరాయిడు అన్నీ ఉంటాయి. పప్పులో ఉప్పు లాంటివి ఇవి. చిటికెడు ఎక్కువైనా తక్కువైనా తెలిసిపోతుంది.

పెద్దమనిషైన కొత్తలో

మొదటి రెండేళ్లు నెలసరి క్రమంగా రాకపోవడం మామూలే. అండం ప్రతినెలా విడుదల కావడానికి కొంతకాలం పడుతుంది. అంతమాత్రానికే పిల్లని ఆస్పత్రుల చుట్టూ తిప్పక్కర్లేదు. పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాకపోయినా, ఎనిమిదేళ్లలోపే ఆ లక్షణాలు కనిపించినా మాత్రం చూపించాల్సిందే.

సమర్తాడిన పిల్లకి మన పెద్దలు చిమ్మిలి పెట్టేవారు. నువ్వులు, బెల్లం ఎదిగే ఒంటికి మంచివే. కానీ చిమ్మిలి పెట్టే ఆ పది రోజులతో సరిపోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. తోటకూర పప్పు మీద నిమ్మరసం పిండి పెట్టండి, అందులోని ఐరను బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు.

ఇరవైల్లో, ముప్ఫైల్లో

"మీ అమ్మాయికి పీసీఓఎస్" అనగానే తల్లి గుండె గుభేలుమంటుంది. అండాశయంలో గడ్డలున్నాయనుకుని భయపడతాం. నిజానికి అవి గడ్డలు కావు, పూర్తిగా పెరగకుండా ఆగిపోయిన అండపు తిత్తులు. నెలసరి ఆలస్యమవడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, బరువు పెరగడం దీని గుర్తులు. బరువు ఎక్కువున్న పిల్ల నూటికి అయిదు నుంచి పది పాళ్లు తగ్గినా చాలామందిలో నెలసరి దారిలో పడుతుంది. అంటే 70 కిలోల పిల్ల నాలుగైదు కిలోలు తగ్గినా మేలే. ముందుముందు షుగరు రాకుండానూ జాగ్రత్త పడాలి. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అనే మాట మాత్రం దయచేసి ఎవరూ చెప్పకండి. పెళ్లి మందు కాదు.

ఇక థైరాయిడు. ఎప్పుడూ నీరసం, జుట్టు ఊడటం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, నెలసరిలో ఎక్కువ పోవడం... ఇవన్నీ "పని ఒత్తిడి" అనుకుని ఊరుకుంటాం. టీఎస్‌హెచ్ అనే ఒక్క రక్తపరీక్షతో చాలావరకు తెలిసిపోతుంది. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. కాల్షియం, ఐరను మాత్రలు దానితో కలిపి వేసుకుంటే థైరాయిడు మందు సరిగ్గా ఒంటబట్టదు. నాలుగు గంటల ఎడం ఉండాలి.

పూజ కోసం వాయిదా మాత్రలు

వరలక్ష్మీ వ్రతం, తిరుపతి ప్రయాణం, ఇంట్లో పెళ్లి... వెంటనే మందుల షాపుకి ఓ చీటీ పంపిస్తాం. ఇది మనందరం చేసే పనే, దాపరికం ఎందుకు? ఆ మాత్రల్లో ఉండేది నోరెథిస్టిరోన్ అనే హార్మోను. నెలసరి తేదీకి మూడు రోజుల ముందు నుంచి వాడితే, ఆపిన రెండు మూడు రోజులకి వస్తుంది. ఎప్పుడో ఒకసారి, డాక్టరు చెబితే పరవాలేదు. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు, గర్భం అనుమానం ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా ముట్టుకోకూడదు. మాత్ర వాడే రోజుల్లో ఒక కాలు వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా క్షణం ఆగకండి.

కడుపుతో ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు

కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి డాక్టరుకు చూపించుకున్నప్పుడోసారి, 24-28 వారాల మధ్య మరోసారి షుగరు పరీక్ష చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకి 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గర్భిణీ షుగరున్నట్టు. కాన్పయ్యాక తగ్గిపోయినా, ఆ తల్లికి తర్వాతి కాలంలో షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని కాన్పయిన ఆరు వారాలకి మళ్లీ చూపించుకోవాలి.

కాన్పు కాగానే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. మూడో రోజో నాలుగో రోజో బాలింత ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకు మించి దిగులుగా ఉన్నా, బిడ్డని ఎత్తుకోనన్నా "గారాబం" అని తిట్టకండి. అది జబ్బు, మందుంది. కాయం, వెల్లుల్లి కారం పెట్టండి, కాదనను. మంచినీళ్లు మాత్రం తగ్గించకండి, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

నలభై దాటాక

ఇది నా వంతు! రాత్రి రెండింటికి ఫ్యాను కిందే చెమటలు పట్టి మెలకువ. పొద్దున అకారణంగా చిరాకు. ముట్లుడిగే ముందు అండాశయాల ఈస్ట్రోజెను ఓ నెల ఎక్కువ, ఓ నెల తక్కువగా ఊగుతుంది. మన దేశంలో ఆడవాళ్లకి సగటున 46-47 ఏళ్లకి నెలసరి ఆగిపోతుంది. వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆగినట్టు లెక్క. ఆవిర్లు భరించలేనంతగా ఉంటే హార్మోను మందులున్నాయి. 2002లో అమెరికా పరిశోధన ఒకటి వాటి గురించి భయం పుట్టించింది. తర్వాత అదే లెక్కల్ని మళ్లీ పరిశీలిస్తే, అరవై ఏళ్లలోపు వాళ్లకి, ముట్లుడిగి పదేళ్లు దాటని వాళ్లకి లాభమే ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్లకి మాత్రం పనికిరావు. ఎవరికి సరిపడతాయో డాక్టరే చెప్పాలి.

ఇక్కడే ఒక పెద్ద గొయ్యి ఉంది. మా పిన్ని కూతురికి ముప్ఫై నాలుగేళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని ఓ నర్సింగ్‌హోముకి వెళ్లింది. "ఉంచితే క్యాన్సరవుతుంది, తీసేద్దాం" అన్నారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకని అందరం సరేనన్నాం. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారు. నెల తిరక్కుండా దానికి ఆవిర్లు మొదలయ్యాయి. నలభై దాటకముందే ఎముకలు గుల్లబారాయి. ఆ తెల్లబట్ట ఇన్ఫెక్షను మాత్రలతో తగ్గేదని ఆ తర్వాత ఇంకో డాక్టరమ్మ చెప్పింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది! అనవసరపు ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది.

క్యాన్సరుకీ, ఆగని రక్తస్రావానికీ ఆపరేషను ప్రాణం కాపాడుతుంది. మా అత్తగారే సాక్ష్యం. కానీ సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. నా జబ్బు పేరేమిటి? మందులతో గానీ, హార్మోను లూపుతో గానీ తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? ఇంకో డాక్టరుని అడిగి వస్తే నష్టమా? చిన్న ఫైబ్రాయిడ్లు చాలావరకు ముట్లుడిగాక వాటంతటవే కుంచించుకుపోతాయని కూడా గుర్తుంచుకోండి.

యాభై తర్వాత

ఈస్ట్రోజెను తగ్గాక మొదటి కొన్నేళ్లలో ఎముక త్వరగా పలచబడుతుంది. ఈ వయసులో రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలు లేదా పెరుగు రెండుసార్లు, ఓ పూట రాగి సంకటో రాగి జావో, కూరల్లో నువ్వులపొడి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. పొద్దుటి ఎండలో అరగంట నడక కూడా కలపండి.

ఇవి కనిపిస్తే ఆగకండి

* నెలసరి ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా
* గంట, రెండు గంటలకోసారి ప్యాడు మార్చాల్సి వచ్చినా, ఏడు రోజులు దాటినా
* రెండు నెలసరుల మధ్య, లేదా భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనిపించినా
* నెలసరి 21 రోజుల కన్నా ముందే వస్తున్నా, కడుపు లేకుండా మూడు నెలలు రాకపోయినా
* రొమ్ములో కొత్తగా గడ్డ తగిలినా

ఇప్పుడు మా క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే ఎర్ర పెన్నుతో చుక్కలున్నాయి. ఒక వరస నాది, ఒకటి మా అమ్మాయిది. మొదట్లో అది "నాన్న చూస్తారమ్మా" అని సిగ్గుపడింది. మా అత్తగారే అందుకుని, "చూస్తే చూడనీవే, సిగ్గుపడి నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నా" అన్నారు. ఆ మాటతో దాని సిగ్గు పోయింది.

ఇవాళ సాయంత్రం వంట మొదలుపెట్టేముందు మీరూ ఓ ఎర్ర పెన్ను వెతకండి. మీ అత్తగారినీ, అమ్మనీ పక్కన కూర్చోబెట్టుకుని "ఎప్పుడైనా ఏమైనా కనిపించిందా?" అని ఒక్కసారి అడగండి. మీరడిగే దాకా వాళ్లు చెప్పరు.