ఔషధాల మత్తు - వాహన చోదకుని బాధ్యత

తెలుగు వాడుకలో మద్యాన్నీ 'మందు' అంటారు, ఔషధాన్నీ 'మందు' అంటారు. ధర్మశాస్త్ర దృష్టిలో మాత్రం ఈ రెంటికీ ఎంతో భేదం ఉంది. మొదటిది హరామ్, రెండవది రోగి అవసరం. అందువల్ల మద్యం ముట్టని ముస్లిం "తాగి బండి నడపరాదు" అన్న హెచ్చరిక తనకు వర్తించదని తలచవచ్చు. కాని ఎదురుగా వచ్చే బాటసారికి, డ్రైవరు మగత ఏ సీసాలో నుండి వచ్చినా ప్రమాదం ఒక్కటే.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక ప్రసంగంలో ఖమ్ర్‌ను నిర్వచిస్తూ, బుద్ధిని కప్పివేసేదే ఖమ్ర్ అని వివరించారు. ఇమామ్ గజాలీ (మరణం 1111) షరీఅత్ సంరక్షించే విషయాలు ఐదని పేర్కొన్నారు: ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతతి, సంపద. స్టీరింగు పట్టినవాని బుద్ధి మందగిస్తే, ఇతరుల ప్రాణం కూడా అపాయంలో పడుతుంది.

మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. మొదట దెబ్బతినేది వివేచన. కనుకనే తాగినవాడు తాను బాగానే నడుపుతున్నానని నమ్ముతాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగుతుంది. బ్రేకు వేయడం అర సెకను ఆలస్యమైతే వాహనం మరో 8 మీటర్లు ముందుకు పోతుంది. కాలేయం మద్యాన్ని తన వేగంతోనే తొలగిస్తుంది. కాఫీ గాని, చన్నీటి స్నానం గాని ఆ పనిని త్వరపరచవు.

కొన్ని ఔషధాలు కూడా ఇటువంటి మాంద్యాన్నే కలిగిస్తాయి. జలుబు, అలర్జీలకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్, కోడీన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలామ్, డయాజెపామ్ ఈ కోవకు చెందినవి. డయాజెపామ్ శరీరంలో సగానికి తగ్గడానికే ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. కనుక రాత్రి మింగిన మాత్ర ప్రభావం తెల్లవారినా మిగిలి ఉండవచ్చు. మత్తు కలిగించే రెండు మందులు కలిస్తే ప్రభావం మరింత పెరుగుతుంది.

మధుమేహ రోగుల విషయం వేరు. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి మత్తు కలిగించవు. అయితే రక్తంలో చక్కెరను మితిమీరి తగ్గిస్తే చెమట, వణుకు, చివరకు అయోమయం కలుగుతాయి. రంజాన్ ఉపవాసంలో, ముఖ్యంగా ఇఫ్తార్‌కు ముందు గంటలలో, ఈ ప్రమాదం అధికం. చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పోతే ఉపవాసం విరమించాలని వైద్యులు సలహా ఇస్తారు. మోతాదుల మార్పు రంజాన్ రాకముందే డాక్టరుతో నిర్ణయించుకోవాలి.

భారత మోటారు వాహనాల చట్టం (1988) 185వ సెక్షన్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండగా నడపడాన్ని నేరంగా పరిగణిస్తుంది. వాహనాన్ని అదుపు చేయలేనంతగా మాదక ద్రవ్య ప్రభావంలో ఉండి నడపడం కూడా అదే సెక్షన్ కింద నేరమే. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నిబంధనలను పాటించడం ధార్మిక విధి అని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1993లో బ్రూనై సమావేశంలో తీర్మానించింది.

అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుంది, కాని ఆ అనుమతి అవసరమున్నంత మేరకే అని ఫిఖహ్ సూత్రం. ఉస్మానియా సామ్రాజ్యపు 'మజల్లా' 21, 22 అధికరణాలలో ఇది నమోదై ఉంది. మత్తు కలిగించే ఔషధం వాడే రోగికి ఆ అనుమతి చికిత్సకే గాని, వాహనం నడపడానికి కాదు. పొరపాటున జరిగిన హత్యకు సైతం సూరా అన్-నిసా 92వ ఆయతు రక్తధనాన్నీ, ప్రాయశ్చిత్తాన్నీ విధించింది. ఉద్దేశం లేదన్నంత మాత్రాన బాధ్యత తొలగదు.

కనుక కొత్త మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెరిగినప్పుడు, అది మగత కలిగిస్తుందేమో డాక్టరునో, మందుల షాపువానినో అడగాలి. స్వంతంగా మందు మానడం తగదు. మగత ఉన్నన్నాళ్ళు బస్సులో పోవడం, లేదా మరొకరిచేత బండి నడిపించుకోవడం రోగికి క్షేమం, ఇతరుల హక్కు కూడా.