సుర్మా సీసాలో సీసం

జుమా రోజు గుస్ల్ చేయడం, ఉన్నంతలో మంచి బట్టలు తొడుక్కోవడం, అత్తరు రాసుకోవడం, కళ్ళకు సుర్మా పెట్టుకోవడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న అలవాటు. పసిపిల్లలకైతే పుట్టిన కొద్దిరోజులకే సుర్మా దిద్దుతాం. కళ్ళు పెద్దవవుతాయని, దిష్టి తగలదని పెద్దలంటారు. అయితే బజారులో ఆ పేరుతో దొరికే నల్లటి పొడి ఏమిటో ప్రతి తల్లీ తెలుసుకోవలసిన అవసరం ఉంది.

దైవప్రవక్త (సఅసం) ‘ఇస్మిద్’ అనే సుర్మాను మెచ్చుకున్నారని, అది చూపుకు మేలు చేస్తుందని చెప్పారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇస్మిద్ అంటే ఆంటిమొనీ రాయి అని సాధారణంగా అర్థం చెబుతారు. కాని వివిధ దేశాల్లో సుర్మాలను పరీక్షించినప్పుడు పలు నమూనాల్లో తేలింది గెలీనా అనే ఖనిజం. గెలీనా సీసం, గంధకం కలిసిన రాయి. దాని బరువులో నూటికి 86 పాళ్ళకు పైగా సీసమే. అందుకే అమెరికా ప్రభుత్వం ఇలాంటి సుర్మాను సౌందర్య సాధనంగా అనుమతించడం లేదు.

కంటికి మేలు చేసే వస్తువును వాడటం సున్నత్. హాని చేసే వస్తువుకు అదే పేరు తగిలించినంత మాత్రాన అది సున్నత్ అయిపోదు. హానిని తొలగించాలన్నది ఫిఖహ్ మూలసూత్రాల్లో ఒకటి కదా!

కనిపించని నష్టం

“మా తాతముత్తాతలు పెట్టుకున్నారు, వారికేమయింది?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సీసం చేసే నష్టం చాలాసార్లు కంటికి కనిపించదు. జ్వరం రాదు, పుండు పడదు. పిల్లవాడి ఏకాగ్రత తగ్గుతుంది, జ్ఞాపకశక్తి మందగిస్తుంది. 1979లో అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు పిల్లల ఊడిన పాలపళ్ళను సేకరించి పరీక్షించారు. పళ్ళలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనుకబడ్డారని, తరగతిలో నిలకడగా ఉండలేకపోయారని వెల్లడించారు.

కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. తల్లి గర్భవతి అయినప్పుడు మళ్ళీ రక్తంలోకి వచ్చి బిడ్డకు చేరుతుంది. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యూనిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళన కలిగించే స్థాయిలో ఉంది.

సబఖ్ ఎంత చెప్పినా గుర్తుండని పిల్లలు మదరసాల్లోను, బడుల్లోను మాకు ఎదురవుతూనే ఉంటారు. సోమరితనమని మందలిస్తాం. అందరికీ కారణం సీసమే అని మేము అనడం లేదు. కాని బెత్తం తీసే ముందు ఆ పిల్లవాడు ఎక్కడ ఆడుకుంటున్నాడో, వాళ్ళ నాన్న ఏ పని చేస్తున్నాడో అడగడం ఉస్తాదుల బాధ్యత అని మాత్రం అంటున్నాం.

నగరంలో సీసం దారులు

ఒకప్పుడు వాహనాల పొగ ద్వారా సీసం ఊరంతా కమ్మేది. 2000 సంవత్సరంలో మన దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. గోడల రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఇవి మంచి మార్పులు. అయితే సీసం కుళ్ళదు, కరగదు. పడినచోటే ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాతనగరానికి దగ్గరలోని కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి, సీసం, క్రోమియం వంటి లోహాలు మామూలు కంటే చాలా ఎక్కువగా ఉన్నాయని 2008లో ప్రకటించారు.

ఇక పాత బ్యాటరీల సంగతి. గల్లీల్లో బ్యాటరీలను పగలగొట్టి, పలకలు కరిగించి, యాసిడ్‌ను మోరీలో పోసేవారున్నారు. వారు శ్రమజీవులే, పిల్లల రోజీ కోసమే ఆ పని చేస్తున్నారు. కాని ఆ ధూళి బట్టలకు అంటుకుని ఇంటికి వస్తుంది. తండ్రి ఒడిలోకి ఉరికిన పసివాడికి అంటుకుంటుంది. మోరీలో పోసిన విషం పొరుగువాని హక్కును కాలరాస్తుంది. దారిలోని ముల్లును తొలగించడాన్ని ఈమాన్‌లో భాగంగా చెప్పిన ధర్మం మనది. దారిలో విషం పోయడాన్ని అది ఎలా ఒప్పుకుంటుంది?

ఢాకా నేర్పిన పాఠం

సమస్య పెద్దదని చేతులు ముడుచుకోనక్కరలేదు. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండటం గమనించిన పరిశోధకులు అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికారు. చివరికి వంటింటి పసుపు దగ్గర తేలారు. కొమ్ములు నిగనిగలాడాలని లెడ్ క్రోమేట్ అనే రంగు పూస్తున్నారు. 2019లో ఈ విషయం బయటపడగానే ప్రభుత్వం ప్రజలను హెచ్చరించింది, ఢాకాలోని శ్యామ్‌బజార్‌లో తనిఖీ చేసి కల్తీ వ్యాపారులకు జరిమానా వేసింది. ఆ ఏడాది పరీక్షించిన పసుపు నమూనాల్లో నూటికి 47 కల్తీవి. 2021 నాటికి ఒక్కటీ లేదు. పరీక్ష, ప్రచారం, శిక్ష మూడూ కలిస్తే రెండేళ్ళు చాలాయి.

మనం చేయవలసింది

దేనితో తయారయిందో రాసిలేని సుర్మాను పిల్లల కళ్ళకు పెట్టకండి. రాగి డేగ్‌లకు కళాయి వేయించేటప్పుడు సీసం కలపని తగరమేనా అని అడగండి. బ్యాటరీ పనివారు పనిచోటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి రావాలి. ఆ బట్టలను విడిగా ఉతకాలి. నేలను పొడి చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో తుడవాలి. అన్నానికి ముందు పిల్లలచేత చేతులు కడిగించాలి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లోకి సీసం త్వరగా చేరుతుంది కాబట్టి ఆకుకూరలు, పప్పులు, పాలు పెట్టాలి. అనుమానముంటే రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టరును అడగాలి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

మస్జిద్ కమిటీలు ఒక జుమా ప్రసంగాన్ని దీనికి కేటాయించాలి. గల్లీలో బ్యాటరీలు కరిగించేవారిపై కోపగించి తరిమితే వారు మరో గల్లీకి పోతారు. వారికి వేరే ఉపాధి చూపించడం కూడా మన పనే. పిల్లల బుద్ధి అల్లాహ్ మనకప్పగించిన అమానత్. దాన్ని కాపాడుకునే భాగ్యం ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.